సేటు టీమూ, నా బీడీ కార్డూ

మా ఆయన నెల జీతానికి ఫుట్‌బాల్ ఆడేవాడు. ఈ మాట చెప్తే ఇప్పుడు కోరుట్లలో కూడా ఎవరూ నమ్మరు. అప్పట్లో నమ్మని వాళ్ళలో నేనే మొదటిదాన్ని. సంబంధం మాట్లాడే రోజు పిల్లగాడు ఏం చేస్తాడని మా నాన్న అడిగితే, ఫుట్‌బాల్ ప్లేయర్ అన్నారు. మా నాన్న, అది సరే, పనేం చేస్తాడని మళ్ళీ అడిగాడు. వాళ్ళ వైపు నుంచి మాత్రం వచ్చింది ఒక్కటే ప్రశ్న, పిల్లకు బీడీ కార్డుందా అని. ఉంది. పెళ్ళి కుదిరింది.

కార్డు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బీడీలు చేస్తారు. కంపెనీ తునికాకూ తంబాకూ తూకం వేసి ఇస్తుంది. మేం ఆకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కట్టలుగా తిరిగి ఇస్తాం. కంపెనీ పుస్తకంలో పేరున్న మనిషికి పీఎఫ్ కార్డు ఉంటుంది. కార్డుంటే బీడీ కార్మికుల దవాఖానలో మందులు, చేతులు పని చేయని వయసులో నాలుగు రూపాయలు. కాకపోతే పేరు నిలవాలంటే బీడీలు ఇస్తూనే ఉండాలి. ఒక నెల ఇవ్వాల్సినన్ని ఇవ్వలేదంటే పేరు కొట్టేసి, వరసలో కాచుకుని ఉన్న ఇంకొకామె పేరు రాస్తారు. మా అమ్మ నాతో పదో తరగతి పరీక్షలు రాయించి, ఆ ఎండాకాలం సెలవుల్లోనే టేకేదారు చుట్టూ తిరిగి నాకు కార్డు రాయించింది. పదో తరగతి పాసైన కాగితం ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు గానీ, కార్డు మాత్రం బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ కవరు చుట్టి ఉండేది.

కంపెనీ ఒక సేటుది. కంపెనీకీ మాకూ నడుమ ఉండి ఆకు తెచ్చిచ్చి బీడీలు పట్టుకుపోయే మనిషి టేకేదారు. మేమిచ్చిన కట్టలు విప్పి, ఇది వంకర, ఇది వదులు అని పనికిరానివి పక్కకు తీసేసేవాడు చాటన్. అలా తీసేసిన బీడీలకు మాకు పైసా రాదు. అలాగని వాటిని పారేశారనుకునేరు. అవీ ఎక్కడో అమ్ముడుపోయేవి, కాలేవి, పొగ వచ్చేది. వాటికి కూలి ఒక్కటే ఉండేది కాదు.

ఇక ఫుట్‌బాల్. సేటు ఏదో పెళ్ళికి కలకత్తా పోయి అక్కడ ఒక మ్యాచ్ చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు టీమ్ కావాల్సి వచ్చింది. కోరుట్లలో టీమ్ పుట్టేసరికి, ఆయనతో ఏ విషయంలోనూ తగ్గడం ఇష్టం లేని జగిత్యాల డాక్టర్ ఒకాయన తన ప్రైవేటు దవాఖాన పేరుతో ఇంకో టీమ్ పెట్టాడు. సిరిసిల్లలో బట్టల వ్యాపారి ఒకాయన మూడోది పెట్టాడు. మూడు టీములే మూడు ఊళ్ళూ మార్చి మార్చి ఆడేవి. దాన్ని లీగ్ అనేవాళ్ళు. ఎవరు ఎంత ఓడినా మూడో స్థానం కంటే కిందకు పోయేది లేదు.

ఆటగాళ్ళను ఎంచుకోవడంలో సేటుకు ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో అమ్మో, అక్కో, పెళ్ళామో తన కంపెనీకి బీడీలు చేసేవాళ్ళనే తీసుకునేవాడు. వేరే టీమ్ వాళ్ళు ఎక్కువ జీతం చూపించినా అలాంటి ఆటగాడు కదలడని ఆయన లెక్క. కార్డు ఇక్కడుంటే కాళ్ళెక్కడికి పోతాయి? మా ఆయన గోల్‌కీపర్. అరచేతులు చాటలంత ఉండేవి. ఎవరు ఎక్కడ ఏం పని చేస్తావని అడిగినా, రేషన్ షాపులో కూడా, "ప్లేయర్‌ని" అనేవాడు. పక్కన నేనుంటే "ఏం లేదు, ఖాళీనే" అనేదాన్ని. ఇది మా ఇంట్లో రోజూ జరిగే మ్యాచ్.

జీతం టేకేదారే తెచ్చేవాడు. ఆకు ఇచ్చే సంచిలోనే ఆటగాడి జీతం కవరు కూడా ఉండేది. ఆ వారం ఆకు తూకం కాస్త తేలికగా వచ్చినట్టు నాకు అనిపించేది. టీమ్ గెలిస్తే సేటు ఆటగాళ్ళకు బిర్యానీ పెట్టించేవాడు, ఆ మర్నాడు చాటన్ చేతికి మా బీడీలన్నీ వంకరగానే కనిపించేవి. మా వాడకట్టులో ఒక అక్క నన్ను చూసినప్పుడల్లా, మీ ఆయనను జర ఓడిపొమ్మని చెప్పు, మాకు గిట్టుబాటయితదని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మా ఆయనకు మాత్రం ఈ రెంటికీ సంబంధం ఉందంటే కోపం వచ్చేది. ఫుట్‌బాల్ ఆయనకు ఆకాశం నుంచి ఊడిపడ్డ వస్తువు, దాని వెనక తంబాకు వాసన ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. బనియన్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బీడీ కంపెనీ గుర్తు ఉన్నా సరే.

అవి తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వెలిసిన రోజులు. ఈ రోజు లాయర్లు దీక్షలో కూర్చుంటే రేపు మంగలివాళ్ళు, ఎల్లుండి టీచర్లు. బంద్, రాస్తారోకో, మళ్ళీ బంద్. తర్వాత ఉద్యోగులంతా సమ్మెలోకి దిగారు. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. మా వాళ్ళు గోల్ కొట్టినా జై తెలంగాణ, గోల్ తిన్నా జై తెలంగాణ. ఎదుటి టీమ్ కూడా అదే అనేది కాబట్టి ఎవరు గెలిచారో రోడ్డు మీద పోయేవాళ్ళకు తెలిసేది కాదు.

ఆ వానాకాలమే కీళ్ళ జ్వరం వచ్చింది. పేపర్లో దానికి నోరు తిరగని పేరేదో రాశారు. జ్వరం తగ్గిపోయేది గానీ కీళ్ళను మాత్రం వదిలేది కాదు. పొద్దున లేచి చూస్తే మా వాడకట్టులో నిటారుగా నడిచే మనిషి కనిపించేవాడు కాదు. ముసలివాళ్ళూ వయసువాళ్ళూ ఒకే తీరుగా గోడలు పట్టుకుని నడిచేవాళ్ళు. మురికి కాలువలు తీసేవాళ్ళు సమ్మెలో ఉన్నారు, పొగ మిషన్ తోలేవాళ్ళు సమ్మెలో ఉన్నారు. సమ్మెలో లేనివి దోమలొక్కటే.

జ్వరం మూడు టీములనూ మూడు రకాలుగా కొట్టింది. సిరిసిల్లలో కరెంటు లేక, నడిపేవాళ్ళు లేక సాంచలు, అదే మరమగ్గాలు, ఆగిపోయాయి. వ్యాపారి దగ్గర డబ్బు ఆడక తన ఆటగాళ్ళకు జీతం కింద అమ్ముడుపోని లంగా బట్ట ఇచ్చాడు. ఎర్ర రంగు తాను ఒకటి భుజాన వేసుకుని వాళ్ళ ఫార్వర్డ్ ఒకతను కోరుట్ల సంతలో అమ్ముకుంటుంటే నేనే చూశాను. రెండు లంగాలకు సరిపడా కొన్నాను కూడా. మొన్నటిదాకా మా ఆయనకు గోల్ వేసిన మనిషి నాకు బట్ట కొలిచి ఇచ్చాడు, పైన జానెడు ఎక్కువే వదిలాడు.

జగిత్యాల డాక్టర్ సంగతి పూర్తిగా వేరు. ఆయన దవాఖానలో మంచాలు చాలక వరండాలో చాపలు వేశారు, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు వేలాడదీశారు. మూడు టీముల్లోకీ జీతం పెరిగిన టీమ్ అదొక్కటే. ఆటగాళ్ళకు కొత్త బూట్లు కూడా వచ్చాయి. మ్యాచ్‌లు మాత్రం లేవు. జనం గుంపులుగా చేరొద్దన్నారు, గ్రౌండులో వైద్య శిబిరం వేశారు. కొత్త బూట్లు వేసుకుని ఆటగాళ్ళు రోగులను స్ట్రెచర్ మీద మోసేవాళ్ళట.

మా సేటు ఒకరోజు టీమ్‌ను కార్ఖానాకు పిలిచాడు. చాయ్ పోయించాడు, బిస్కెట్లు పెట్టించాడు. బంద్‌లతో తంబాకు లారీలు రావడం లేదని, జ్వరాలతో ఆడవాళ్ళు బీడీలు చేయడం లేదని, మ్యాచ్‌లు ఎలాగూ లేవని వివరించాడు. ఆ పైన అసలు మాటకొచ్చాడు. ఉద్యోగస్తులే జీతాలు వదులుకుని తెలంగాణ కోసం సమ్మె చేస్తుంటే మనం సగం జీతం వదులుకోలేమా అని అడిగాడు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా మా ఆయనే కొట్టి ఉంటాడు, ఆ చేతులకు చప్పుడెక్కువ. ఇంటికొచ్చి ఈ సంగతంతా నాకు గర్వంగా చెప్పాడు. నేను ఆకు కత్తిరిస్తున్నాను. కత్తెర కింద పెట్టి, మరి సేటు ఏం వదులుకున్నాడని అడిగాను.

"బిస్కెట్లు ఆయనే తెప్పిచ్చిండు" అన్నాడు.

మా కూలి మాత్రం సేటు తగ్గించలేదు. అది ఆయన గొప్పగా చెప్పుకునే మాట. కూలి తగ్గలేదు, చాటన్ తీసేసే బీడీలే పెరిగాయి.

ఆ తర్వాత జ్వరం మా ఇంట్లోకి వచ్చింది. మా ఆయనను ముట్టుకోలేదు, నన్ను పట్టుకుంది. ఐదారు రోజులకు ఒళ్ళు చల్లబడింది గానీ వేళ్ళు మడత పడలేదు. బొటనవేలూ చూపుడువేలూ పసుపు కొమ్ముల్లా ఉబ్బాయి. బీడీ చేసే మనిషికి ఆ రెండు వేళ్ళే ఆస్తి. ఆకు చుట్టబోతే వేలి నుంచి మోచేయి దాకా మంట పుట్టేది. మామూలు రోజుల్లో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే పక్కింటామె వాళ్ళ కార్డు మీద నాలుగు కట్టలు చేసి పెట్టడం మా దగ్గర అలవాటు. బాలింతలుగా ఉన్నప్పుడు అందరం అలాగే గట్టెక్కాం. ఈసారి పక్కింటామె వేళ్ళూ ఉబ్బాయి, ఆ పక్కింటామెవీ ఉబ్బాయి. టేకేదారు వచ్చి, నెల నిండేలోపు బీడీలు రాకపోతే నా చేతిలో ఏం లేదు చెల్లె అని చెప్పిపోయాడు. కార్డు కోసం కాచుకున్నవాళ్ళు ముస్తాబాద్ దాకా ఉన్నారని కూడా చెప్పాడు.

అదే వారం జగిత్యాల డాక్టర్ దగ్గర నుంచి కాంపౌండర్ ఒకతను వచ్చాడు. వాళ్ళ గోల్‌కీపర్‌కు మోకాళ్ళు పట్టేశాయట, జ్వరాలు తగ్గి ఆట మళ్ళీ మొదలయ్యేసరికి ఇంకొకరు కావాలట. మా ఆయన జగిత్యాల టీమ్‌లోకి వస్తే పూర్తి జీతం, పైన కొంత, మా ఇంటిల్లిపాదికీ వైద్యం ఉచితం అన్నాడు. నా వేళ్ళు చూసి, ఈమెను రేపే తీసుకురండి అన్నాడు కూడా. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయనను ఇంకో ఊరివాళ్ళు రమ్మని అడగడం అదే మొదటిసారి, అదే ఆఖరిసారి కూడా.

కాంపౌండర్ బండి మలుపు తిరిగిందో లేదో సేటుకు కబురు చేరింది. తెల్లారేసరికి టేకేదారు వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. సేటు ఏమీ కోపం చేయలేదని, ఆటగాడు ఎక్కడికైనా పోవచ్చన్నాడని, సంతోషంగా పొమ్మన్నాడని చెప్పాడు. ఆకు సంచి మాత్రం కింద దించలేదు. భుజాన పెట్టుకునే అన్నాడు.

"గట్ల పోతే, చెల్లె కార్డు గీడ్నే ఆగిపోతది. ఆలోచన చేసుకోండ్రి."

నాకు ఆయన మీద కోపం, సేటు మీద కోపం, దోమల మీద కోపం. పొమ్మనడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆ కార్డు మా అమ్మ ఇంటింటికీ తిరిగి సంపాదించింది. ఉండమనడానికీ నోరు రాలేదు. ఆయనకంటూ ఈ భూమ్మీద ఉన్నది ఆ ఆట ఒక్కటే, దాన్ని పిలిచి అడిగినవాడు జగిత్యాలలో ఉన్నాడు. పోయి ఆడుకోమని చెప్పగలిగేంత మంచిదాన్ని అయితే బాగుండునని నిజంగా అనుకున్నాను. కాలేకపోయాను. ఆయన సేటు ఇచ్చిన గోల్‌కీపర్ గ్లవుజులు ఒళ్ళో పెట్టుకుని, వాటి కుట్లు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం లేచి కాంపౌండర్‌కు ఫోన్ చేసి రానని చెప్పాడు, పోయి టేకేదారు దగ్గర ఆకు సంచి తెచ్చాడు. తర్వాత తలుపు మూసి, నా చాట తన ముందుకు లాక్కున్నాడు.

"చెప్పు, ఆకు ఎట్ల పట్టాలె?"

మా దగ్గర మగవాళ్ళు బీడీలు చేయరు. తాగుతారు. ఇంట్లో కూర్చుని చాట ఒళ్ళో పెట్టుకున్న మగవాణ్ణి వాడకట్టు బతకనివ్వదు. అందుకే తలుపు మూయడం. నేను పక్కన కూర్చుని నోటితో చెప్పడం, ఆయన చేయడం. ఆకును తడిబట్టలో ఎంతసేపు ఉంచాలో, ఈనె ఎటువైపు రావాలో, మూతి ఎలా మడవాలో చెప్పాను. మొదట చేసినవి చూసి, ఆ నొప్పుల్లో కూడా నవ్వాగలేదు. ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉంది, అది కూడా ఉబ్బిన బొటనవేలంత. అంత పెద్ద బంతిని ఒంటిచేత్తో ఆపిన మనిషి చిటికెడు తంబాకు ఆపలేకపోయాడు. చెమటలు కారిపోయాయి. పెనాల్టీ కిక్ అప్పుడు కూడా ఆయన అంత భయపడడం నేను చూడలేదు.

మూడో నాడు టీమ్ కెప్టెన్ తలుపు కొట్టాడు. ఆయన మెకానిక్, ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, గ్రౌండులో రెండూ కలిపి తిట్లు. మా ఆయన చాటను మంచం కిందకు తోసేలోపే లోపలికి వచ్చేశాడు. ఒళ్ళో రాలిన తంబాకు చూశాడు, నా వేళ్ళు చూశాడు. నవ్వుతాడేమోనని మా ఆయన గోడ వైపు తిరిగాడు. కెప్టెన్ నవ్వలేదు. చెప్పులు విప్పి కింద కూర్చున్నాడు. "భాభీ, మా అమ్మ చేతులు గూడ గిట్లనే అయినయి. నాకు గూడ నేర్పు" అన్నాడు.

వారం తిరిగేసరికి టీమ్‌లో సగం మంది మా ఇంట్లో ఉన్నారు. జ్వరం వదిలిపెట్టిన చేతులు ఎవరికుంటే వాళ్ళు వచ్చారు. మోకాళ్ళు పోయి వేళ్ళు మిగిలినవాళ్ళూ వచ్చారు. పరుగు లేదు కాబట్టి ఇబ్బంది లేదు. మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని, ఇంతమంది మగవాళ్ళు చప్పుడు లేకుండా ఉంటే ఊరు ఊరుకుంటుందా? మా ఇంట్లో ఏదో పెద్ద రాస్తారోకోకు ప్లాన్ జరుగుతోందని చెప్పుకున్నారు. ఒకనాడు కానిస్టేబుల్ ఒకాయన నిజంగానే వచ్చి తలుపు తోశాడు. లోపల కోరుట్ల టీమ్ వరసగా కూర్చుని దారాలు కడుతోంది. ఆయన ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఇది ఏ సెక్షన్ కిందకు వస్తుందో తేలక, ఒక బీడీ తీసుకుని వెలిగించాడు. రెండు దమ్ములు లాగి, మంచిగ కాలుతలేదని చెప్పి వెళ్ళిపోయాడు.

చాటన్ కూడా అదే మాట అన్నాడు. మేమిచ్చిన కట్టల్లో సగానికి పైగా తీసేశాడు. ఇవి ఎవరు చేసిండ్రని అడిగాడు. వేళ్ళు వాచినయి, గిట్లనే అస్తున్నయి అని నేను చేతులు చూపించాను. నమ్మాడో లేదో తెలియదు గానీ లెక్కలో మాత్రం రాయలేదు. ఇవ్వాల్సిన బీడీలు చాలా ఉండిపోయాయి, నెలాఖరు దగ్గర పడింది. మావాళ్ళ బీడీలు అప్పటికి కాస్త దారికొచ్చాయి, నిజం చెప్పాలంటే కొత్త పిల్లలు చేసినంత బాగానే ఉన్నాయి. అయినా చాటన్ చేయి ఆగేది కాదు.

అప్పుడే ఉద్యమం కమిటీ ఊళ్ళోని అన్ని పనులవాళ్ళనూ పిలిచింది. నిజామాబాద్ రోడ్డు ఆపేసి, ఎవరి పని వాళ్ళు రోడ్డు మీద చేసి నిరసన చెప్పాలని తీర్మానం. ఇది మా వైపు అలవాటే. మంగలివాళ్ళు రోడ్డు మీద గడ్డాలు గీశారు, దర్జీలు మిషన్లు తెచ్చి పెట్టుకున్నారు, ఒక పక్క పొయ్యిలు పెట్టి వంట చేశారు. బీడీలు చేసే ఆడవాళ్ళు వరసగా కూర్చుని బీడీలు చుట్టాలి. మా ఫుట్‌బాల్ టీమ్ కంపెనీ గుర్తున్న బనియన్లు వేసుకుని రోడ్డు నడుమ ఆట ఆడాలి. సేటు స్టేజీ మీద కూర్చోవాలి. ఆయన మెడలో అప్పటికే దండ ఉంది.

మాకు బీడీలు ఇచ్చే రోజు కూడా అదే. టేకేదారూ చాటనూ సేటు వెంట టెంట్ కింద ఉన్నారు కాబట్టి, మేం ఆ వారం కట్టలన్నీ సంచుల్లో పెట్టుకుని అక్కడికే వెళ్ళాం. ఒళ్ళో చాటలు పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాం. పేపరువాళ్ళు కెమెరాలు పట్టుకుని తిరుగుతున్నారు. మాలో ఒక్కరికీ వేళ్ళు వంగవు. ఆకు పట్టుకుని, చుట్టినట్టు నటించాం. బీడీల పనే చేసుకుని బతికిన ఆడవాళ్ళం, బీడీ చేస్తున్నట్టు యాక్టింగు చేశాం. నాకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది.

విజిల్ వేశారు. రెండు లారీ టైర్లు నిలబెట్టి గోల్ చేశారు. మా ఆయన టైర్ల నడుమ గ్లవుజులు వేసుకుని నిలబడ్డాడు. బంతి కదిలింది, జనం అరిచారు. ఆయన బంతి వైపు చూడడం లేదు. నా వైపు, నా చేతుల్లో కదలని ఆకు వైపు చూస్తున్నాడు. చూసి చూసి గ్లవుజులు విప్పాడు. టైరు మీద పెట్టాడు. గోల్ వదిలేసి, ఆ జనమంతా చూస్తుండగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు. నా ఒళ్ళోంచి చాట తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మూతులు నువ్వు చెప్పు. నేను మడుస్త."

వెనక బంతి ఖాళీ గోల్‌లోకి దొర్లుకుంటూ పోయింది. ఎవరో పకాలున నవ్వారు. ఆడదాని పనని ఇంకెవరో ఏదో అన్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ చేతులు ఆగలేదు. కెప్టెన్ ఒక్క క్షణం చూసి, బంతిని చంకన పెట్టుకుని వచ్చి వాళ్ళ అమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. చేతులు నిజంగా కదలడం మొదలయ్యాక నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. ఆ చేతుల తీరు చూస్తే ఇది ఈ రోజు నేర్చుకున్న పని కాదని ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. మా వాడకట్టు అక్క మా ఆయన చుట్టిన బీడీ ఒకటి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

మైకు దగ్గర ఉన్నాయన తెలివైనవాడు. వెంటనే అందుకుని, బీడీ అక్కచెల్లెళ్ళకు మద్దతుగా మన క్రీడాకారుల వినూత్న నిరసన అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. స్టేజీ మీద అందరూ కొట్టారు. సేటుకు కూడా కొట్టక తప్పలేదు. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే కెప్టెన్ లేచి నిలబడ్డాడు. గ్రౌండులో ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించే గొంతు ఆయనది, మైకు అక్కర్లేదు.

"సేటు, టీమ్ మీది, బీడీలు మీయి. తెచ్చిన కట్టలన్ని గీడ్నే, అందరి ముంగట తీసుకోండ్రి."

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, వాళ్ళకు ఇది కూడా నిరసనలో భాగమే. సేటు దండ సర్దుకుని, చాటన్ వైపు తల ఊపాడు. చాటన్ దిగి వచ్చి మా ముందు కూర్చున్నాడు. కట్ట విప్పాడు. ఒక వంకర బీడీ తీశాడు. తల ఎత్తితే చుట్టూ ఊరంతా ఉంది, కెమెరాలు ఉన్నాయి. బీడీని మళ్ళీ కట్టలో పెట్టాడు. ఆ రోజు ఆ వరసలో ఎవరి బీడీ ఒక్కటీ పక్కకు పోలేదు. నా పేరు పక్కన, కెప్టెన్ వాళ్ళ అమ్మ పేరు పక్కన, ఇవ్వాల్సినన్నీ రాశాడు. కార్డు నిలిచింది.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. మా ఆయన తల వంచుకుని మూతి మడుస్తున్న ఫొటో. కింద వినూత్న నిరసన అని రాశారు. అది నిరసన కాదని, ఆ నెల పని అని ఎవరికీ తట్టలేదు. చుట్టుపక్కల వాళ్ళు మా ఇంటికొచ్చి, మీ ఆయన ఎంత మంచిగ యాక్టింగు చేసిండని మెచ్చుకున్నారు. వేళ్ళు మళ్ళీ వంగేదాకా ఆయన ఇంకా చాలా రోజులు తలుపులు మూసుకుని ఆ యాక్టింగు చేస్తూనే ఉన్నాడు.

టీమ్ మళ్ళీ ఆడలేదు. జ్వరాలు తగ్గాయి గానీ సేటు ఆర్థిక పరిస్థితి మాత్రం కోలుకోలేదట, ఆ మాట ఆయన కొత్త కారులోంచి దిగి చెప్పాడు. వదులుకున్న సగం జీతం అలాగే ఉండగా మిగతా సగం కూడా ఆగింది. చలికాలం వచ్చి దోమలు పోయాక జగిత్యాల డాక్టర్ టీమ్ కూడా పోయింది. మా ఆయన కొన్నాళ్ళు అడ్డా కూలికి పోయాడు, తర్వాత ఇబ్రహీంపట్నం రూట్లో ఆటో నడిపాడు. గ్లవుజులు ఆటో అద్దానికి వేలాడేవి. ఎండకు రంగు పోయి, ఒకనాడు తాడు తెగి ఎక్కడో పడిపోయాయి. వెనక్కు పోయి వెతకలేదట. ప్లేయర్‌ని అనడం కూడా ఆ తర్వాత మానేశాడు. మా ఇంట్లో రోజూ జరిగే మ్యాచ్‌లో ఒక టీమ్ రావడం మానేసింది.

రాష్ట్రం వచ్చింది. బీడీలు చేసేవాళ్ళకు పింఛను ఇస్తామన్నారు, పీఎఫ్ కార్డు ఉన్నవాళ్ళకు మాత్రమే. బియ్యం డబ్బాలోంచి కార్డు తీశాను. వివరాలు రాసుకోవడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. కార్డు చూసింది, నా పేరు రాసుకుంది. మీ ఆయన ఏం చేస్తాడని అడిగింది. ఆయన గడప మీద కూర్చుని ఆటో తాళంచెవి తిప్పుకుంటున్నాడు. తల ఎత్తకుండా, "ఏం లేదు మేడం, ఖాళీనే" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను అన్న మాట అది, ఆయన నోటి నుంచి వింటే తట్టుకోలేకపోయాను.

"ప్లేయర్" అన్నాను. "గోల్‌కీపర్ అని రాయమ్మా."

ఆ అమ్మాయి నవ్వి, అట్ల రాయనీకి రాదక్కా అంది. డ్రైవర్ అని రాసుకుని పక్కింటికి వెళ్ళింది. నేను కార్డును మళ్ళీ కవరులో చుడుతుంటే, ఇటియ్యి, నీకు మడత మంచిగ రాదు అని తీసుకుని, ఆయనే చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు.